దేవనగరంలో తొమ్మిది రోజులు

మనం బాంకాక్ అని పిలిచే ఊరిని ఆ ఊరివాళ్ళు ఆ పేరుతో పిలవరు. ‘క్రుంగ్ థేప్’ అంటారు. క్రుంగ్ అంటే నగరం. థేప్ అంటే మన ‘దేవ’ శబ్దమే. దేవనగరం అన్నమాట. ఇదైనా ముద్దుపేరే. అసలు పేరు ఇంగ్లీషు లిపిలో వ్రాస్తే 168 అక్షరాలు! ప్రపంచంలో ఇంత పొడుగు పేరున్న ఊరు మరొకటి లేదట. వాళ్ళ ఉచ్చారణ కాస్త ప్రక్కకు పెట్టి మన అక్షరాలలోకి తెచ్చుకుంటే ఆ పేరు దాదాపు ఇలా నడుస్తుంది: మహానగర, అమర రత్నకోసింద్ర, మహేంద్ర అయోధ్య, మహాతిలక భవ, నవరత్న రాజధానీ పురీరమ్య, ఉత్తమ రాజనివేశన మహాస్థాన, అమర విమాన, అవతార స్థిత, శక్రదత్తియ, విష్ణుకర్మ ప్రసిద్ధి.

చూశారా, నిఘంటువు తెరవకుండానే సగం అర్థమైపోయింది! ఇంద్రుడు ఇవ్వగా విశ్వకర్మ నిర్మించిన నగరమని తాత్పర్యం. మధ్యలో అయోధ్య ఎందుకు వచ్చిందంటే, వారి పాత రాజధాని పేరు అయుథయా. 1767లో బర్మా సేనలు దాన్ని నేలమట్టం చేశాయి. పదిహేనేళ్ళ పాటు నదికి ఆవలి గట్టున థోన్‌బురిలో రాజధాని నడిచింది. 1782లో మొదటి రాముడనే బిరుదు గల రాజు ఈ గట్టుకు వచ్చి కొత్త నగరం కట్టించి, పోయిన అయోధ్యను దాని పేరులో నిలుపుకున్నాడు. ఇప్పటి రాజు ఆ వరుసలో పదవ రాముడు.

నేను అక్కడికి వెళ్ళింది 2024 జనవరిలో. ఊరు చూడటానికే అయితే అంత తొందరపడకపోదును. తెనాలిలో ఆరో తరగతి నుంచి నాతో ఒకే బల్ల మీద కూర్చున్న నా మిత్రురాలు పద్ధెనిమిదేళ్ళుగా అక్కడే కాపురం ఉంటున్నది. “సంక్రాంతికి రావే” అని ఏటా పిలుస్తూనే ఉంటుంది. ఈసారి ఆమె పిలుపుకు తోడు, హైదరాబాదులో ఉన్న ఆమె తమ్ముడు నాకొక పని కూడా అప్పగించాడు.

“అక్కయ్యా! తెనాలి ఇంటికి బేరం వచ్చింది. అమ్మను ఫోనులో అడిగితే ‘మీ ఇష్టం నాయనా’ అంటుంది. ఆ మాటకు అర్థమేమిటో నాకు బోధపడటం లేదు. అమ్మేస్తే మనసు విరుగుతుందేమో. ఉంచుదామంటే తాళం వేసిన ఇల్లు చెదలు పడుతున్నది. కొడుకునుండగా కూతురింట్లో ఎన్నాళ్ళని బంధువులు నన్నే అడుగుతున్నారు. నా దగ్గరకు వస్తానంటే రేపే వెళ్ళి తీసుకొస్తాను. నువ్వు వెళ్ళి, నిజంగా ఆవిడకేం కావాలో కనుక్కొని రా” అన్నాడు.

వాళ్ళ అమ్మగారిని నేను చిన్నప్పటి నుంచీ పిన్నిగారూ అనే పిలుస్తాను. డెబ్బైయారేళ్ళ మనిషి. 2021లో బాబాయిగారు పోయారు. మరుసటి ఏడు జూన్‌లో కూతురు వచ్చి బాంకాక్ తీసుకుపోయింది. తెలుగు తప్ప మరో భాష రాదు. అంత మహానగరంలో, పందొమ్మిదో అంతస్తులో, పగలంతా ఒక్కర్తే ఎలా కాలక్షేపం చేస్తున్నదో అన్న బెంగ నాకూ లేకపోలేదు.

సువర్ణభూమిలో దిగడం

హైదరాబాదులో ఎక్కితే నాలుగు గంటలు కూడా పట్టలేదు. మన గడియారం కన్న వాళ్ళది గంటన్నర ముందు. కాలెండరు మాత్రం ఏకంగా 543 ఏళ్ళు ముందు! వాళ్ళది బుద్ధ శకం. మనకు 2024 అయితే వాళ్ళకు 2567. విమానాశ్రయం పేరు సువర్ణభూమి. 2006లో తెరిచారు.

స్నేహితురాలూ, ఆమె భర్తా కారుతో వచ్చారు. అన్నయ్యగారు మితభాషి. ఊళ్ళో అడుగుపెట్టగానే కార్ల సముద్రంలో చిక్కుకుంటే, “ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో చెప్పరమ్మా, గంటల్లో చెబుతారు” అని మాత్రం అన్నారు. చుట్టుప్రక్కల పేటలు కూడా కలుపుకుంటే జనం కోటికి పైమాటే. తల మీద స్తంభాలెక్కి రైళ్ళు పరుగెడుతున్నాయి. 1999లో మొదలైన ఆ ‘ఆకాశ రైలు’ లేకపోతే ఊపిరాడదట.

వాళ్ళ ఇల్లు సుఖుమ్‌విత్ అనే మహా పొడుగాటి రోడ్డులోంచి చీలిన ఒక సందులో ఉన్నది. సందును ‘సోయ్’ అంటారు. రోడ్డుకు ఒక ప్రక్క సందులన్నిటికీ బేసి అంకెలు, రెండో ప్రక్క సరి అంకెలు. కనుక అంకె తెలిస్తే చాలు, ఏ గట్టున దిగాలో తెలిసిపోతుంది.

తలుపు తీసిన పిన్నిగారు పసుపుపచ్చ జరీ అంచు చీరలో ఉన్నారు. “ఇవాళ సోమవారం కదమ్మా, ఇక్కడ సోమవారానికి పసుపు” అన్నారు. వారంలో ప్రతి రోజుకూ ఒక రంగు ఉన్నదట. మంగళవారం గులాబి, బుధవారం ఆకుపచ్చ, గురువారం నారింజ, శుక్రవారం నీలం, శనివారం ఊదా, ఆదివారం ఎరుపు. ఆ వారాల పేర్లయినా ఆదిత్య, చంద్ర, అంగారక, బుధ, బృహస్పతి, శుక్ర, శని పేర్లే. కాస్త నాలుక తిరగాలి, అంతే. ఆవిడ తన చీరలన్నిటినీ ఆ వరుసలో బీరువాలో సర్దుకున్నారు. ఇది నా స్నేహితురాలికి కూడా తెలియదు. “అదా సంగతి! అమ్మ ఏ చీర కడుతుందో చూసి ఆఫీసులో వారం చెప్పవచ్చన్నమాట” అని నవ్వింది.

పిన్నిగారి ప్రపంచం

మంగళవారం నా స్నేహితురాలూ, అన్నయ్యగారూ ఆఫీసులకూ, పిల్లలు బడికీ వెళ్ళారు. “నువ్వు నాతో రా, బజారు చూపిస్తాను” అన్నారు పిన్నిగారు.

క్రింద వాకిట్లో ఒంటి స్తంభం మీద చిన్న గుడి. ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ, ప్రతి భవనానికీ ఇలాంటిది ఒకటి ఉంటుంది. ఆ నేలను కాచే దేవతకు. పేరు ‘ఫ్రా ఫూమ్’. ఆ ఫూమ్ మన భూమే. ముందు ఊదువత్తులు, పూలు, ఎర్రటి సోడా సీసా, అందులో స్ట్రా. పిన్నిగారు దణ్ణం పెట్టి, “భూదేవికి సోడా ఏమిటో అనుకున్నాను మొదట్లో. ఎండలు చూశాక సబబే అనిపించింది” అన్నారు.

సందు చాలా పొడుగు. కొసకు చేరాలంటే నారింజరంగు చొక్కాల కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద దింపుతారు. పిన్నిగారు చీర కుచ్చిళ్ళు సవరించుకొని, ఒక కుర్రాడి వెనుక ఒక ప్రక్కకు కూర్చుని, “నువ్వు ఆ రెండో అబ్బాయి వెనకాల ఎక్కు. అమ్మాయితో మాత్రం చెప్పకు సుమా, నడిచి వెళ్తున్నానని అనుకుంటోంది” అన్నారు. తెనాలిలో రిక్షా తొక్కేవాడు కాస్త వేగంగా పోతే కేకలు వేసిన మనిషి! (ఈ వ్యాసం అచ్చయ్యేనాటికి ఆ రహస్యం ఎలాగూ బయటపడింది కనుక వ్రాస్తున్నాను.)

బజారులో ఆవిడ మాట్లాడిన భాష వినవలసిందే గాని చెప్పనలవి కాదు. సగం తెలుగు, సగం సంస్కృతం, మిగతాది వేళ్ళు. అయినా పని జరిగిపోతున్నది! ఎలాగంటే, థాయి భాషలో పెద్ద మాటలన్నీ సంస్కృతం, పాలి భాషల నుంచి పోయినవే. దేశం ‘ప్రథేత్’, భాష ‘ఫాసా’, సమయం ‘వేలా’, భోజనం ‘ఆహాన్’, బడిపంతులు ‘ఖ్రూ’, బాంకు ‘థనాఖాన్’. చివరిదాన్ని ధనాగారమని పట్టుకోవడానికి నాకు ఒక పూట పట్టింది, పిన్నిగారికి పట్టలేదు. టెలిఫోనుకు ‘థోరసప్’ అన్నారు - దూరశబ్దం. మనకు కూడా ఈ ఆలోచన రాకపోయెనే అనిపించింది.

అన్నిటికన్న అక్కరకు వచ్చే మాట ‘మంగ్‌సవిరత్’. మాంసవిరతి! ఈ దేశంలో చేపల పులుసు నీరు పడని వంటకం అరుదు. కూరగాయలే కదా అని తెచ్చుకుంటే అందులోనూ అది ఉంటుంది. శాకాహారులు ఈ ఒక్క మాట నేర్చుకొని వెళితే ఆకలితో పడుకోనక్కరలేదు. పసుపు రంగు జెండా మీద ఎర్రటి అక్షరాలతో ‘జే’ అని ఉన్న కొట్లలో మాంసమూ, చేపా కలవవు. ఎర్రటి షర్బత్ ఒకటి త్రాగించారు. పులుపూ, తీపీ. “ఏమిటో చెప్పుకో” అన్నారు. చెప్పలేకపోయాను. గోంగూర జాతి మొక్క ఎర్రకాయలు మరిగించి పంచదార కలిపినదట! గోంగూరను పచ్చడి చేయక షర్బత్ చేస్తారని గుంటూరు జిల్లాలో ఎవరికైనా చెబితే నమ్ముతారా?

సందు మొగలో ఒక పూలావిడ. ఏభై ఏళ్ళుంటాయి. మల్లెమొగ్గలూ, బంతిపూలూ, గులాబులూ కలిపి చేతికి గాజులా పట్టేంత దండ గుచ్చుతున్నది. దండను ‘మాలై’ అంటారు. పిన్నిగారిని చూడగానే “యాయ్!” అని చేతులు జోడించి, ఒక దండ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. యాయ్ అంటే అమ్మమ్మ. డబ్బు ఇస్తే పుచ్చుకోలేదు. రోజూ మొదటి దండ అమ్మమ్మకేనట. తిరిగి వస్తుంటే పిన్నిగారు, “ఇది తలలో పెట్టుకునేది కాదమ్మా. చేతిలో పట్టుకునేది, దేవుడికి ఇచ్చేది. అందుకని పుచ్చుకుంటాను” అని మెల్లగా అన్నారు. ఆ మాట నాకు మనసులో ముల్లులా గుచ్చుకున్నది.

నదీ, నిద్రించే బుద్ధుడూ

బుధవారం నది మీద తిరిగాము. చావ్ ఫ్రాయా నది ఆ నగరానికి రాజవీధి. పడవలు బస్సుల్లా వస్తాయి. రేవుకు తాకీ తాకకముందే ఒక కుర్రాడు ఈల వేస్తాడు, జనం దూకుతారు, ఎక్కుతారు, పడవ మళ్ళీ కదిలిపోతుంది. టిక్కెట్లిచ్చే అమ్మాయి చేతిలో పొడుగాటి రేకు గొట్టం. అందులో చిల్లర గలగలలాడిస్తూ వస్తుంది. ఆ చప్పుడు వింటే చాలు, అందరూ డబ్బు తీస్తారు.

వాట్ ఫో ఆలయంలో శయన బుద్ధుడున్నాడు. పొడవు 46 మీటర్లు, ఎత్తు 15. ఒళ్ళంతా బంగారు రేకు. పాదాల నిండా ముత్యపు చిప్పతో 108 మంగళ చిహ్నాలు చెక్కారు. గోడ వెంట 108 కంచు గిన్నెలు వరుసగా ఉంటాయి. చిల్లర మార్చుకొని ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క నాణెం వేస్తూ నడవాలి. పది దేశాల జనం, వందల నాణాల చప్పుడు, ఆ మధ్యన ఆయన చిరునవ్వుతో పడుకొని ఉన్నాడు. “మన రంగనాయకులు గుర్తుకొస్తాడు. కాకపోతే ఈయన పాదాల దగ్గర లక్ష్మి లేదు” అన్నారు పిన్నిగారు. ఇదే ఆవరణలో ఒళ్ళుపట్టే విద్యకు పేరుపొందిన పాఠశాల ఉన్నది. ఆ విద్యను 2019లో యునెస్కో వారు మానవ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఎదుటి గట్టున వాట్ అరుణ్. మన అరుణుడి పేరే. పడవలో నదిని దాటితే రెండు మూడు నిమిషాలు. ఆ గోపురం దూరానికి రాయిలా కనపడుతుంది. దగ్గరకు పోతే అంతా పింగాణీ ముక్కలు! చీనా నుంచి వచ్చే ఓడలు బరువు కోసం వేసుకొచ్చిన పింగాణీని పువ్వులుగా, ఆకులుగా అతికించి గుడినంతా అలంకరించారు.

ఆ గట్టు మీద కూర్చున్నప్పుడు ఇంటి మాట కదిపాను. పిన్నిగారు నది వంక చూస్తూ, “వాడు బాగున్నాడా? మోకాలి నొప్పి అన్నాడు, తగ్గిందా?” అని మాట మార్చారు. నేను మళ్ళీ రెట్టించలేదు.

సీతమ్మ పుట్టిల్లు

గురువారం రాజప్రాసాదం. విదేశీయులకు మనిషికి 500 బాత్‌లు. బాత్ అంటే ఆనాటి లెక్కన మన రెండు రూపాయల పైచిలుకు. భుజాలూ, మోకాళ్ళూ కప్పుకోకపోతే లోపలికి రానివ్వరు. కాబట్టి చీరకు ఎక్కడా ఆటంకం లేదు. అదే ఆవరణలో మరకత బుద్ధుడి ఆలయం. పేరుకు మరకతమే కాని అది పచ్చని జేడు జాతి రాయి. అరవైయారు సెంటీమీటర్ల చిన్న విగ్రహం. ఎంతో ఎత్తున సింహాసనం. వేసవికి, వానలకు, చలికి ఒక్కొక్క రకం బంగారు వస్త్రం. ఋతువు మారినప్పుడు సాధారణంగా రాజే స్వయంగా మారుస్తాడు. మేము వెళ్ళింది చలికాలం కనుక స్వామి మెడ నుంచి క్రిందికంతా బంగారు వల కప్పుకొని ఉన్నాడు. చలి అంటే మన ఫాల్గుణమాసపు ఎండ!

ఆలయం చుట్టూ ప్రాకారపు వసారా. అందులో గోడల మీద 178 చిత్రాలలో రామాయణం మొత్తం వ్రాసి ఉన్నది. వాళ్ళ రామాయణం పేరు ‘రామకియెన్’, అంటే రామకీర్తి. 1797లో మొదటి రాముడి కాలంలో కావ్యంగా కూర్చారు. జనకుడికి నాగేటి చాలులో సీత దొరకడంతో బొమ్మలు మొదలవుతాయి. రావణుడి పేరు ‘థోత్సకన్’ - దశకంఠుడు. లక్ష్మణుడు ‘ఫ్రా లక్’. విభీషణుడు ‘ఫిఫేక్’. ఇక హనుమంతుడు బ్రహ్మచారి కాడు! సేతువు కడుతుంటే రాళ్ళు ఎత్తుకుపోయిన సువర్ణమత్స్య అనే జలకన్యను వలచి వరిస్తాడు. ఆమె రావణుడి కూతురట. పిన్నిగారు చెంపలు వేసుకుని, “రామ రామ! ఇది మీ మామయ్యగారు వింటే ఏమనేవారో” అని నవ్వారు.

కథలో మరొక వింత ఉన్నది. ఈ రామాయణంలో సీత రావణ మండోదరుల బిడ్డ. పుట్టగానే లంకకు చేటని జోస్యం చెబితే పాత్రలో పెట్టి నీళ్ళలో వదిలేశారు. అది జనకుడికి దొరికింది. నేను ఇది చెప్పగానే పిన్నిగారు నడక ఆపి, జనకుడి బొమ్మ దగ్గరకు వెనక్కి వెళ్ళారు. చాలాసేపు చూశారు.

“అయితే ఆ తల్లికి పుట్టిల్లు లంకా, పెరిగిన ఇల్లు మిథిలా, మెట్టినిల్లు అయోధ్యా. ఇన్ని ఇళ్ళుండీ చివరికి ఏ ఇంట్లో ఉన్నది? ముని ఆశ్రమంలో,” అన్నారు. ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు.

నాలుగు మోముల దేవుడు

శుక్రవారం రాజప్రసోంగ్ కూడలికి వెళ్ళాము. ఆకాశాన్నంటే అంగళ్ళ మధ్య, నాలుగు రోడ్లు కలిసే చోట బ్రహ్మదేవుడి మందిరం. మన దేశంలో బ్రహ్మకు గుళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇక్కడ ఆయనకున్న రద్దీ తిరుపతిని తలపిస్తుంది. ఎరవాన్ అనే హోటలు కట్టేటప్పుడు వరుసగా అవాంతరాలు వస్తే, జోస్యుల మాట మీద 1956లో ప్రతిష్ఠించారు. ఎరవాన్ అంటే ఐరావతం. కోరిక తీరినవాళ్ళు కొయ్య ఏనుగులు సమర్పిస్తారు. లేదా అక్కడే కూర్చొని ఉండే నర్తకీమణులకు రుసుము కట్టి స్వామి ముందు నాట్యం చేయిస్తారు. 2015 ఆగస్టు 17న ఇక్కడ బాంబు పేలి ఇరవైమంది చనిపోయారు. రెండు రోజులకే మందిరం తిరిగి తెరిచారు. ఇప్పుడు అదే చోట పూలు, ధూపం, డోలు చప్పుడు. జీవితం ఎంత మొండిదో అని ఆశ్చర్యపోయాను.

శనివారం కాలువ పడవ ఎక్కాము. సేన్ సేప్ అనే ఆ కాలువను 1837లో యుద్ధ సామగ్రి తరలించడానికి త్రవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆఫీసు గుమాస్తాలను తరలిస్తున్నది. నీళ్ళు మీద పడకుండా ప్రయాణీకులే తాళ్ళు లాగి ప్రక్కనున్న ప్లాస్టిక్ తెర ఎత్తుకోవాలి. టిక్కెట్లవాడు తలకు ఇనుప టోపీలాంటిది పెట్టుకొని పడవ అంచు మీద కోతిలా నడుస్తాడు. పల్లపు వంతెన వస్తే పడవ పైకప్పే వంగుతుంది!

దిగి కొంచెం నడిస్తే ఎర్రటి రెండు మహా స్తంభాలు. అదొక ఊయల. 1784లో నిలబెట్టినది, ఇప్పటి కొయ్య 2007లో మార్చారు. ఒకప్పుడు రాజాస్థాన బ్రాహ్మణులు దాని మీద ఊగుతూ, ఎత్తున వ్రేలాడదీసిన డబ్బు సంచిని పళ్ళతో అందుకునేవారట. 1935లో ఆ ఊగడం మానిపించారు. కాని ఆ పండుగ పేరు వింటే తెలుగు గృహిణులు చెవి ఒగ్గవలసిందే - ‘త్రియంపవాయ్, త్రిపవాయ్’. తమిళ దేశపు తిరువెంపావై, తిరుప్పావై! ధనుర్మాసంలో మన గుళ్ళలో వినపడే పాశురాలు ఎప్పుడో ఓడలెక్కి ఇక్కడి బ్రాహ్మణుల నోట నిలిచాయి. అది ధనుర్మాసమే కనుక పిన్నిగారు ఆ ఊయల కింద నిలబడి ఆనాటి పాశురం మనసులో చదువుకున్నారు.

పూల సంతలో రాత్రి

మర్నాడు భోగి. మధ్యాహ్నం పాహురత్ అనే భారతీయుల పేటలో బెల్లం, నువ్వులు, కరివేపాకు కొన్నాము. రాత్రి పది గంటలకు అన్నయ్యగారు మమ్మల్ని పాక్ ఖ్లోంగ్ తలాత్ అనే పూల సంతకు తీసుకువెళ్ళారు. రాత్రివేళే అక్కడ అసలైన సందడి. రోడ్డు పొడుగునా బంతిపూల మూటలు, మంచుముక్కల మీద మల్లెమొగ్గలు, కట్టలు కట్టిన తామర మొగ్గలు, గంపల కొద్దీ ఆర్కిడ్లు. ఆ వాసనకు కళ్ళు మూసుకుంటే ఇది ఏ దేశమో తెలియదు. మా సందు పూలావిడ కూడా అక్కడే సరుకు కొంటున్నది. ఆవిడతో నా స్నేహితురాలు బేరంలో పడింది. పిన్నిగారూ, నేనూ ఒక బల్ల మీద కూలబడ్డాము. అప్పుడు ఆవిడే మొదలుపెట్టారు.

“నువ్వు ఎందుకు వచ్చావో నాకు తెలుసు తల్లీ. నాలుగు రోజుల నుంచి ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. తెనాలిలో నాకేం తక్కువ? అందరూ మంచివాళ్ళే. మీ బాబాయిగారు పోయాక మా ఆడపడుచు మనవరాలి పెళ్ళి వచ్చింది. పిలిచారు, వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. నా అంతట నేనే వెనక వరుసలో కూర్చున్నాను. అక్షింతలు పళ్ళెం నా దాకా వచ్చి, ప్రక్కకు తిరిగింది. అంతే.

“గత ఏప్రిల్‌లో ఇక్కడ సోంగ్‌క్రాన్ వచ్చింది. వీళ్ళ ఉగాది. అదీ సంక్రాంతి మాటే, మేష సంక్రాంతి. కుర్రాళ్ళు వీధుల్లో నీళ్ళు చల్లుకుంటారు. పెద్దవాళ్ళకు మాత్రం చేతుల మీద మెల్లగా మల్లెపూల నీళ్ళు పోసి దీవెన అడుగుతారు. ఆ పూలావిడ, ఆ మోటారు సైకిలు పిల్లలు, క్రింద కాపలా అతను, అందరూ వరుసగా వచ్చి నా చేతుల మీద నీళ్ళు పోశారు. నేను ఎవరినో, ఏమిటో వాళ్ళకు తెలియదు. పెద్దదాన్ని, అంతే. అమ్మా, ఆ రోజు నేను గదిలోకి పోయి చాలాసేపు ఏడ్చాను.

“ఫోనులో మా చెల్లెళ్ళతో, ఇక్కడేముందే, ఊసుపోదు అంటాను. కూతురింట్లో హాయిగా ఉన్నానంటే నా కొడుక్కి మాట రాదూ? వాడి దగ్గరకు పోతే వాడూ బాగానే చూస్తాడు. కాని అక్కడ నేను మళ్ళీ వెనక వరుసే.”

కొంచెంసేపు ఊరుకొని, ఎప్పటినుంచో లెక్క వేసుకున్నట్టు గబగబా చెప్పారు. “ఇల్లు అమ్మవద్దను. తాళం వేసి ఉంచవద్దను. ఎవరైనా సంసారులకు అద్దెకిమ్మను. రోజూ వాకిట్లో ముగ్గు వేసేవాళ్ళకు. ఆ అద్దె నాకు పంపమను. అల్లుడు బంగారం. అయినా పాలకూ, కూరలకూ నా చేత్తో నేను ఇస్తే నాకు గౌరవంగా ఉంటుంది. ఇది నా నోటితో చెబితే వాడు నొచ్చుకుంటాడు. నువ్వు చెప్పు.”

మర్నాడు ఆదివారం. ఎర్ర చీర. ఇంట్లో భోగిమంట పనికిరాదు కనుక బాల్కనీలో ప్రమిద వెలిగించారు. పందొమ్మిదో అంతస్తు వరండాలో బియ్యప్పిండి ముగ్గు, ముగ్గు నిండా బంతిపూలు. సాయంత్రం పూలావిడ మూడేళ్ళ మనవడిని తీసుకొచ్చింది. అక్కడి రేగుపళ్ళు పెద్ద జామకాయలంత ఉంటాయి. పిల్లవాడి తల పగులుతుందని ముక్కలు కోసి, చిల్లర, బంతిరేకులు కలిపారు. నా స్నేహితురాలు పళ్ళెం అందుకొని ముందుకు రాగానే పూలావిడ తల అడ్డంగా ఆడించి, “యాయ్, యాయ్” అని పిన్నిగారిని చూపింది. ముందు అమ్మమ్మ పోయాలట! పిన్నిగారు ఒక్క క్షణం మా ముఖాలవంక చూశారు. నా స్నేహితురాలు ఏమీ అనకుండా పళ్ళెం తల్లి చేతిలో పెట్టింది. ఆవిడ మూడుసార్లు దిష్టి తీసి, పిల్లవాడి తల మీద పోసి, తెలుగులోనే దీవించారు. వాడికి అర్థమైనట్టే నవ్వాడు.

పండుగనాడు అరిసెలు తిని, మంగళవారం తిరుగు విమానం ఎక్కాను. విమానాశ్రయంలో దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టుకొని పాలసముద్రం చిలుకుతున్న మహా విగ్రహముంది. పైన విష్ణుమూర్తి నిలబడి ఉన్నాడు. వెళ్ళేవారు బయలుదేరే వైపు అది తప్పక చూడండి.

హైదరాబాదు వచ్చి తమ్ముడితో ఉన్నదున్నట్టు చెప్పాను. పెళ్ళిలో అక్షింతల పళ్ళెం సంగతి వినేసరికి అతని ముఖం వాడిపోయింది. “ఆ పెళ్ళిలో నేనూ ఉన్నాను అక్కయ్యా. నేను చూడనే లేదు” అన్నాడు. చాలాసేపటికి, “కూతురింట్లో ఉండటానికి అద్దె కడతానంటున్నదా మా అమ్మ!” అని నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు.

ఉగాదినాటికి తెనాలి ఇంట్లో ఒక లెక్చరరుగారి కుటుంబం దిగింది. అద్దె ప్రతి నెలా పిన్నిగారి పేర బాంకులో పడుతున్నది. అల్లుడుగారు మొదట వద్దన్నారట. తరువాత, పాల డబ్బులు ఆవిడ చేతి నుంచి నమస్కారం పెట్టి మరీ పుచ్చుకుంటున్నారట.

ఆ ఏప్రిల్‌లో సోంగ్‌క్రాన్ పండుగకు తమ్ముడు భార్యాబిడ్డలతో బాంకాక్ వెళ్ళాడు. అక్కడినుంచి నాకు నాలుగు ముక్కలు వ్రాశాడు: “అందరం మల్లెపూల నీళ్ళతో వరుసలో నిలబడ్డాము. నేను పూలావిడ తరువాత. ‘ముందు వచ్చినవాళ్ళు ముందు’ అన్నది అమ్మ.”